గ్యాస్ బిళ్లతో పోని కడుపు బాధ

కడుపుకోత, కడుపుమంట అంటూ మన పెద్దలు మనసు బాధకు కడుపు పేరే పెట్టారు. వైద్యులూ ఇప్పుడు అదే చెబుతున్నారు. పేగులకూ మెదడుకూ మధ్య వేగస్ అనే నరం ఉంది. దానిమీద కబురు రెండు వైపులా నడుస్తుంది. దిగులు ముదిరితే ఆకలి చస్తుంది, కడుపు ఉబ్బుతుంది. కడుపు నెలల తరబడి బాగోకపోతే మనసూ కుంగుతుంది.

గంజిలో పులిసిన చద్దన్నంలో, మజ్జిగలో మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. జొన్నలు, రాగులు, పప్పుల్లోని పీచు పేగుల్లోని సూక్ష్మజీవులకు మేత. వీటిని పండించే మనమే పాలిష్ బియ్యంతో పొట్ట నింపుకుంటున్నాం. నేలలో జీవం పెరగాలని జీవామృతం పోసే రైతు తన పేగుల సంగతీ చూసుకోవాలి.

అయితే చద్దన్నంతో అప్పు తీరదు. పంటకు ధర లేక, వడ్డీ పెరుగుతున్న రైతు ‘అన్నం సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు’ అంటే గ్యాస్ బిళ్ల ఇచ్చి పంపితే సరిపోదు. మానసిక వైద్యం పొందడం హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. ఆ వైద్యం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందాలి. రేషన్‌లో ప్రతి కార్డుకూ జొన్నలు, రాగులు ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు గిట్టుబాటు ధర కావాలి. వీటికోసం సంఘం గట్టిగా అడగాలి.

ఈలోగా సభ్యులు చేయగలిగింది ఒకటుంది. పక్క రైతు సరిగా తినడం లేదని తెలిస్తే వెళ్లి దగ్గర కూర్చోండి. అప్పు సంగతి అడగండి. టెలిమానస్ ఉచిత నంబరు 14416కు మీరే ఫోన్ కలిపి ఇవ్వండి. రాత్రయినా పలుకుతారు.