ఉబ్బిన బ్యాటరీ

ప్రశ్న: మా సెల్‌ఫోను బ్యాటరీ ఉబ్బింది. పిన్నుతో గుచ్చితే గాలి పోయి సర్దుకుంటుందని మావారంటున్నారు. కొత్తది ఇంట్లోనే వేసుకోవచ్చా?
– ఒక గృహిణి, ఫిల్మ్‌నగర్

జవాబు: ముందు మీవారి చేతిలోని పిన్ను లాక్కోండమ్మా! గుచ్చితే తగ్గడానికి అదేమీ సెగ్గడ్డ కాదు. లోపలి రసాయనాలు చెడి వాయువు పుట్టడం వల్ల లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. గుచ్చినా, వంచినా భగ్గుమనవచ్చు. ఛార్జింగు మానేసి, ఫోను ఆపి, బట్టలకూ కాగితాలకూ దూరంగా గచ్చు మీద ఉంచండి. అతికించిన బ్యాటరీని పీకడం ఇంట్లో చేసే పని కాదు. కంపెనీ సర్వీసు సెంటరులోనే మార్పించండి. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకండి.

మూత తీసి మార్చుకునే కార్డ్‌లెస్ ఫోన్ల వంటి వాటికి మీరే వేసుకోవచ్చు. అయితే పాతదాని మీద రాసివున్న రకం, వోల్టేజీ కొత్తదానికీ ఉండాలి. మామూలు సెల్లు వేసి ఛార్జింగు పెడితే కారుతుంది, పగిలినా పగులుతుంది.

మంట లేస్తే పిల్లలతో సహా బయటికి వచ్చేయండి. పొగ మహా చెడ్డది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో బ్యాటరీ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో 8 మంది పోయారు. ఎక్కువమందిని చంపింది పొగే.

చర్మం కాలితే కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. ఇంకు, టూత్‌పేస్టు పూయకండి. పొగ పీల్చినవారికి ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు కనుక అప్పుడే ఆసుపత్రిలో చూపించండి.