పైలట్ పరీక్ష పదో తరగతిలోనే మొదలవుతుంది

మొన్న ఆదివారం దుమ్ముగూడెం నుంచి మా పెద్ద ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. మొన్ననే డిగ్రీ పూర్తి చేసిన పిల్ల. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల పరీక్ష నోటిఫికేషన్ చదివిందట.

"అత్తా, పైలట్‌కి ఇంటర్లో లెక్కలూ, ఫిజిక్సూ రెండూ ఉండాలట. నాకు లెక్కలు లేవుగా!" అంది.

నా నోట మాట రాలేదు. ఎలా వస్తుంది? పదో తరగతి అయ్యాక ఆ పిల్లకి బై.పి.సి. ఇప్పించమని వాళ్ళమ్మకి చెప్పింది నేనే. "ఆడపిల్లకి లెక్కలతో కుస్తీ ఎందుకు వదినా? బై.పి.సి. అయితే ఏ నర్సింగో, ఫార్మసీయో చదువుకుంటుంది" అన్నాను. గ్రాడ్యుయేట్‌నని, కథలు రాస్తానని మా ఇంట్లో నా మాటకి కాస్త విలువ. ఆ విలువ ఖరీదు ఇప్పుడు తెలిసొచ్చింది.

మా భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్ళలో ఆకాశంలో చప్పుడైందంటే రెండే కారణాలు. ఒకటి పోలీసులు, రెండు వరద. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఆడపడుచు వాళ్ళు మూటాముల్లే సర్దుకుని ఒక బడిలో తలదాచుకున్నారు. అక్కడ హెలికాప్టర్ చూసి ఈ పిల్ల, "దాన్ని నడిపే వాళ్ళలో ఆడవాళ్ళుంటారా?" అని అడిగిందట. ఉంటారని చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా అప్పటికే ఇంటర్ అయిపోయింది!

తలుపులు తెరిచారు, నిజమే

ఉంటారా అంటే, ముప్ఫై ఏళ్ళ పైబడి ఉన్నారు. 1994 సెప్టెంబర్‌లో హరితా కౌర్ దేవోల్ ఒంటరిగా వాయుసేన విమానం నడిపింది. అప్పటికి ఆమెకు 22 ఏళ్ళు. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా హెలికాప్టర్ నడిపింది. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా వాయుసేనలో చేరారు. ఎక్కడో కాదు, మన హైదరాబాదు పక్కనున్న దుండిగల్ అకాడమీలో. భద్రాచలం నుంచి ఒక రాత్రి బస్సు ప్రయాణం!

2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష కూడా ఆడపిల్లలు రాయడం మొదలైంది. 2022లో చేరిన మొదటి బృందంలోని 17 మంది అమ్మాయిలు 2025 మే నెలలో అక్కడి చదువు ముగించుకుని బయటికొచ్చారు. పేపర్లలో ఫోటోలు చూసి మనమంతా మురిసిపోయాం. నేనూ ఆ ఫోటో కత్తిరించి దాచుకున్నాను. కానీ ఆ ఫోటోలోకి మన పిల్ల చేరాలంటే దారి ఎటునుంచో మనలో ఎంతమందికి తెలుసు?

కాగితం మీద ఏముంది?

ఆ నోటిఫికేషన్ తెప్పించుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని మరీ చదివాను. డిగ్రీ అయినవాళ్ళు రాసే ఈ పరీక్షని 'ఏఎఫ్‌క్యాట్' అంటారు. ఏడాదికి రెండుసార్లు పెడతారు. రెండు గంటల్లో వంద ప్రశ్నలు, 300 మార్కులు. ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి, లెక్కలు, బుద్ధికుశలత. తప్పు జవాబుకి ఒక మార్కు కోత. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదివిన పిల్లకి ఇదే మొదటి గోడ. కష్టపడితే దాటగలిగిన గోడే అనుకోండి.

ఇది దాటాక సెలక్షన్ బోర్డు. మైసూరు, డెహ్రాడూన్, వారణాసి లాంటి చోట్ల నాలుగైదు రోజులు ఉంచి పరీక్షిస్తారు. చిన్న చిన్న కథలు రాయిస్తారు, పదిమందిలో మాట్లాడిస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు. పది నిమిషాల్లో మైలు దూరం పరుగెత్తగలిగేలా సిద్ధమై రమ్మంటారు.

పైలట్లకి ఆపైన మరో పరీక్ష ఉంది. విమానంలోని గడియారాల్లాంటి పరికరాల బొమ్మలు చూపించి, విమానం ఎటు వాలింది, పైకి పోతోందా కిందికి దిగుతోందా చెప్పమంటారు. తర్వాత తెర ముందు కూర్చోబెడతారు. చేతిలో జాయ్‌స్టిక్, కాళ్ళ కింద పెడల్స్. కదిలే చుక్క గీత దాటకుండా చూసుకోవాలి. మధ్యలో దీపాలు వెలుగుతాయి, చప్పుళ్ళు వస్తాయి, వాటికీ జవాబివ్వాలి. కన్ను, చెవి, చెయ్యి, కాలు ఒకేసారి పనిచెయ్యాలన్నమాట.

పొయ్యి మీద పాలు, ఒళ్ళో పిల్ల, గుమ్మంలో కూరలవాడు, ఈ మూడూ ఒక్కసారే చూసుకునే మనకి ఇదేం కొత్త అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే. తప్పితే మళ్ళీ పైలట్‌గా అవకాశం లేదు. మిగతా శాఖలకు వెళ్ళొచ్చు, అంతే. పుస్తకం బట్టీపట్టి గట్టెక్కే పరీక్ష కాదిది. అందుకే, పదేళ్ళప్పుడు సైకిల్ తొక్కిన పిల్లకీ, "పడతావే, గాయమైతే రేపెవరు చేసుకుంటారు?" అని ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లకీ ఆ కుర్చీలో తేడా కనబడుతుందని నా నమ్మకం.

అసలు అడ్డంకులు ఇంట్లోనే

ఇక షరతులు చూడండి. పైలట్‌కి ఎత్తు 162.5 సెంటీమీటర్లు ఉండాలి. అంటే దాదాపు ఐదడుగుల నాలుగంగుళాలు. కాళ్ళ పొడవుకీ కొలతలున్నాయి. విమానంలో కూర్చుంటే పెడల్స్ అందాలి కదా! మన ఇళ్ళలో ఆడపిల్లలు చాలామంది ఐదడుగుల దగ్గరే ఆగిపోతారు. కొంత వంశం, కొంత తిండి. గుడ్డు కొడుక్కి, పులుసు కూతురికి వడ్డించిన చోట కొలబద్ద అబద్ధం చెప్పదు.

వయసు 20 నుంచి 24 ఏళ్ళ మధ్య. పాతికేళ్ళ లోపువాళ్ళకి పెళ్ళి కాకూడదు. ఈ షరతు చదివి కాసేపు ఆగిపోయాను. మన వైపు సంబంధాలు చూసే వయసు సరిగ్గా ఇదే కదూ! వాయుసేన "ఇప్పుడు రా" అంటున్నప్పుడే ఇంట్లో "ఇప్పుడే చేసెయ్యాలి" అంటాం. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గుతుందో మీకు తెలియంది కాదు.

వీటన్నిటికంటే ముందుది గ్రూపు. పదిహేనేళ్ళ పిల్ల ఒక ఫారం మీద ఎం.పి.సి. అని రాస్తుందో, బై.పి.సి. అని రాస్తుందో దాన్నిబట్టి ఈ దారి ఉంటుంది, లేదా ఊడుతుంది. ఆ ఫారం నింపేది చాలా ఇళ్ళలో నాలాంటి అత్తలూ, మేనమామలూను.

"అమ్మో, విమానాలు కూలిపోతాయి" అనే తల్లుల్ని నేను తప్పుపట్టను. హరిత చనిపోయింది మన నేల మీదే. 1996 డిసెంబర్‌లో ప్రకాశం జిల్లాలో ఆవ్రో విమానం కూలిన ప్రమాదంలో. భయం నిజం. అయితే కొడుకు సైన్యానికి వెళ్తానంటే ఇదే భయంతోనే వీరతిలకం దిద్ది పంపుతాం. కూతురి దగ్గరే అది అడ్డుగోడ అవుతుంది.

మన పిల్లలకి సత్తా లేదంటే నేనొప్పుకోను. 2014 మేలో నిజామాబాద్ జిల్లా పూర్ణతో కలిసి ఎవరెస్ట్ ఎక్కిన ఆనంద్‌కుమార్ మన ఖమ్మం జిల్లా వాడే. ఇద్దరూ ప్రభుత్వ గురుకులాల పిల్లలే. భువనగిరి బండ మీద పాకడం నేర్చుకుని హిమాలయం ఎక్కారు. అదే భువనగిరి వైపు ఇప్పుడు ఆడపిల్లల్ని సైనికోద్యోగాలకి తయారుచేసే గురుకుల డిగ్రీ కాలేజీ కూడా ఉంది. కావలసింది వేళకి చెప్పే మనిషి.

అందుకే ప్రతి హైస్కూల్లో, ప్రతి ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పరీక్షలకి ముందే ఒక్క రోజు కేటాయించమని అడుగుదాం. ఏ గ్రూపు తీసుకుంటే ఏ దారి మూసుకుపోతుందో తెలుగులో చెప్పమందాం. ఇది పెద్ద ఖర్చేం కాదు. ఇంటర్ రెండో ఏడాదిలోనే రాయగలిగే ఎన్.డి.ఎ. పరీక్షకి ఆడపిల్లలు దరఖాస్తు రుసుం కట్టనక్కర్లేదన్న సంగతీ ఆ రోజే చెప్పొచ్చు.

మా పిల్లకి పైలట్ దారి లేదు. నేలమీది ఉద్యోగాల శాఖకి ఏఎఫ్‌క్యాట్ రాస్తానంటోంది. ఇంగ్లీషు నేను చెప్తున్నాను, ఫోన్లోనే. దాని చెల్లెలు ఈ ఏడు పదో తరగతి. నిన్న మా వదిన, "దీనికేం గ్రూపు ఇప్పిద్దామే?" అని అడిగింది.

ఈసారి నేనేం చెప్పలేదు. "ఫోన్ దానికివ్వు వదినా, దాన్నే అడుగుదాం" అన్నాను.