కంటికి ఆనని కాపలాదారుల పక్షాన: మా ప్రణాళిక

మేం ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, మార్టూరు నల్లరేగడి చేలలో పత్తి, మిరప పండించేవాళ్లం. మాతో వ్యవసాయం చదువుతున్న మా పిల్లలూ ఉన్నారు. 1980లలో పత్తిపై పైరెత్రాయిడ్ పురుగుమందులు అదేపనిగా చల్లిన చేలను తెల్లదోమ ముంచెత్తింది. 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరప పూతను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. అది మన పాత తామర పురుగు కాదనీ, 2015లో బెంగళూరులో బొప్పాయిపై దేశంలో తొలిసారి నమోదైన త్రిప్స్ పార్విస్పైనస్ అనీ తేల్చింది వర్గీకరణ శాస్త్రమే. ఏ పురుగు ఏదో తెలియకుండా చేను కాపాడుకోలేం. అందుకే ఇలా ప్రకటిస్తున్నాం.

1. చేలోని జీవిని దాని వంశంతో సహా తెలుసుకుంటాం. పచ్చదోమ తన గుడ్లను పత్తి ఆకు ఈనెల్లో దాస్తుంది. ఒక మిల్లీమీటరు కూడా ఉండని మైమరిడే అనే కుటుంబపు తల్లి పురుగు వాటిని వెతికి పట్టి, వాటిలో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ గుడ్డును లోపలే తిని పెరుగుతుంది, ఇక పచ్చదోమ పుట్టదు. కంటికి ఆనని మా కాపలాదారు ఇదే. ఇంగ్లీషులో ఫెయిరీఫ్లై అన్నా ఇది ఈగ కాదు. ఈగకు రెండు రెక్కలు, దీనికి నాలుగు. దీని వంశం ఇది: కందిరీగలు, చీమలు ఉన్న హైమెనోప్టెరా క్రమం, అందులో కాల్సిడాయిడియా, అందులో మైమరిడే కుటుంబం. 1833లో కీటక శాస్త్రవేత్త హాలిడే ఈ కుటుంబాన్ని వేరు చేశాడు. సన్నటి రెక్క, దాని అంచున పొడవాటి నూగు దీని ఆనవాళ్లు.

2. ఆధారం లేని పేరును ఒప్పుకోం. కోస్టారికాలో దొరికిన పావు మిల్లీమీటరు మైమరిడే జాతికి 2013లో శాస్త్రవేత్తలు హ్యూబర్, నోయెస్ టింకర్‌బెల్లా నానా అని పేరు పెట్టారు. టింకర్‌బెల్లా అన్నది పీటర్ పాన్ నాటకంలోని దేవకన్య పేరు నుంచి వచ్చింది. పేరు ఊహలోది, దాని వెనక నమూనా, కొలతలు, బొమ్మలు, దొరికిన చోటు మాత్రం నిజం. మన బి.ఆర్. సుబ్బారావు, మహమ్మద్ హయాత్ 1983లోనే ప్రాచ్య ప్రాంతపు మైమరిడే ప్రజాతులకు గుర్తింపు పట్టిక అచ్చువేశారు. మాకు దారి వారిదే.

3. లెక్క చూశాకే మందు. ఆకుకు రెండు పచ్చదోమలు దాటనిదే పంపు భుజానికెత్తం. మందు కొడితే ముందు పోయేది కాపలాదారే.

4. పసుపు పళ్లేల్లో సబ్బునీళ్లు పోసి గట్ల మీద పెడతాం. పడిన పురుగులను ఆల్కహాల్లో దాచి, ఊరు, పైరు, తేదీ రాస్తాం. ఆ రాత తెలుగులోనే ఉంటుంది, శాస్త్రనామం దాని పక్కన ఉంటుంది.

5. ప్రభుత్వాన్ని అడుగుతున్నాం: ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక సూక్ష్మదర్శిని పెట్టండి. లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మేం తెచ్చిన నమూనాలు చూసి చెప్పే వర్గీకరణ నిపుణులను నియమించండి.

పత్తి, మిరప వేసే ఎవరైనా, కౌలుదారైనా కూలీ అయినా, మాతో చేరవచ్చు. చేరేవారు ఒప్పుకోవాల్సింది ఒక్కటే: పురుగు పేరు తేలకముందు మందు డబ్బా మూత తీయకూడదు.