పతకం పోతే మిగిలేదెవరు? ద్వీపాల క్రీడాకారుల ముందున్న ప్రశ్న

డెలానీపూర్ లాంటి శ్రీ విజయపురం పేటల్లో ఆటలో రాణించే పిల్లలకు పెద్ద అకాడమీ అంటే సముద్రం దాటడమే. ఇల్లు, భాష, తిండి అన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి. ఆ దూరం మనసు మీద వేసే బరువును పతకాల పట్టికలు లెక్కించవు.

అమెరికాలో ఈ చర్చ పాతదే. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లలో నల్లజాతి యువకుల వాటా పెద్దది. మైదానంలో చప్పట్లు కొట్టే సమాజమే బయట వారిని అనుమానంగా చూస్తుంది. ఇతరుల కళ్లతో తమను తాము చూసుకోవాల్సి రావడాన్ని డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ 1903లోనే 'ద్వంద్వ చైతన్యం' అన్నారు. 'నేనంటే ఆటే' అనే ఒక్క గుర్తింపుతో పెరిగిన విద్యార్థి గాయపడినా, జట్టులో చోటు పోయినా ఆటతో పాటు తననూ కోల్పోయినట్టు భావిస్తాడు. ఇది క్రీడా మనస్తత్వ శాస్త్రం గుర్తించిన సమస్యే.

అండమాన్‌కు దీన్ని అన్వయించి చూడొచ్చు. జాతి చరిత్ర వేరైనా, బయటివాడిగా కనిపించే బరువు ఒకటే. 2004 సునామీ నాటికి తొమ్మిదేళ్ల డెబోరా హెరాల్డ్ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. తర్వాత అంతర్జాతీయ సైక్లిస్ట్ అయ్యారు. మరో నికోబార్ సైక్లిస్ట్ ఈసో ఆల్బెన్ 2018 ప్రపంచ జూనియర్ ట్రాక్ పోటీల్లో రజతం, మరుసటి ఏడాది టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం సాధించారు. ఈ విజయాలను 'సునామీని గెలిచిన పిల్లలు' అన్న ఒక్క కథగా మార్చడం మనకు తేలిక. గాయం తర్వాత, ఓటమి తర్వాత వారెవరన్నది మాత్రం అడగం.

రాజధానిలో ముఖకవళికలను బట్టి పరాయివాళ్లుగా చూసే అలవాటు కొత్తదేమీ కాదు. 2014లో అరుణాచల్ యువకుడు నీడో తానియా మరణం తర్వాత కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేయాల్సి వచ్చింది.

2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. కాబట్టి ఇది తెలుగు ఇళ్ల ప్రశ్న కూడా. అకాడమీలో కౌన్సెలర్, ఆపకుండా సాగే చదువు, ఎంపికలో వేటు పడితే మర్యాదగా చెప్పే కారణం: ఈ మూడూ సౌకర్యాలు కావు, శిక్షణలో భాగం. 14416 నంబరుతో టెలిమానస్ ఉంది. అయితే ఫోన్ చేయడం బలహీనత కాదని పిల్లలకు ముందుగా చెప్పాల్సింది కోచ్, తల్లిదండ్రులే.