పట్నం లెక్కలో పల్లె

పలక అనగానే తెలుగువారికి మార్కాపురం గుర్తుకు వస్తుంది. భూమి పొరల నుంచి తీసిన నల్లరాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రంలో బిగిస్తే అది ఎక్కడో ఒక బడిపిల్లవాని ఒడిలో అక్షరాభ్యాసానికి సిద్ధమయ్యేది. అదే మార్కాపురం పేరు మరొక జాబితాలో కూడా ఉన్నది. 1987లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానాన్ని ప్రకటించినపుడు, బాలల శ్రమ అధికంగా ఉన్న పరిశ్రమలలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి సామగ్రితో పాటు మార్కాపురం పలకల పరిశ్రమను కూడా చేర్చింది. ఊరూరి పిల్లలకు పలకలు అందించిన చోట కొందరు పిల్లలకు పలక సరుకుగానే తప్ప చదువుగా అందలేదు.

ఒకరి శ్రమతో కలిగిన మేలులో ఆ శ్రమించినవారి వాటా ఎంత అన్నదే ఆర్థిక న్యాయానికి మూలమైన ప్రశ్న. పశ్చిమ ప్రకాశం విషయంలో ఆ ప్రశ్న పలకల గనుల దగ్గర ఆగలేదు. కూలీల మూటలతో పాటు హైదరాబాదు నగరానికి చేరింది.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు మొదట కర్నూలు జిల్లాలోనివి. 1970లో కర్నూలు, గుంటూరు, నెల్లూరు జిల్లాల భాగాలను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. నాటి నుంచి ఈ సీమ పేరుకు కోస్తా, తీరుకు రాయలసీమ. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మను నిలిపి విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు నేటికీ ఉన్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానిని వారసత్వ సంపదగా గుర్తించింది కూడా. కాని ఒక్క చెరువు ఎన్ని ఊళ్ళను తడుపుతుంది? మిగిలిన ఊళ్ళు వానను, బోరును నమ్ముకొన్నాయి. బోరు లోతుకు పోయినకొద్దీ అప్పు పెరిగింది. అనేక గ్రామాలలో ఆ నీటిలో ఫ్లోరైడు కూడా ఉన్నది.

అందుచేత వలస తప్పలేదు. కొందరు గుంటూరు వైపు మిరపకాయల కోతకు, కొందరు దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు దారిన హైదరాబాదుకు తాపీపనికి, మట్టిపనికి వెళతారు. ఇందులో కులం ప్రసక్తి లేదనడం సత్యదూరం. కరువు వచ్చినపుడు పొలం ఉన్నవాడు దానిని కుదువబెట్టి అయినా ఒక సంవత్సరం ఆగగలడు. సెంటు భూమి లేని దళిత కుటుంబానికి, తండాలోని సుగాలి కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. కరువు అందరిదే అయినా ముందుగా ఊరు విడిచేది ఎవరో తరతరాల భూమి పంపకమే నిర్ణయించింది.

2014 జూన్ 2న ఒక విచిత్రం జరిగింది. హైదరాబాదులో గోడ కడుతున్న మార్కాపురం మేస్త్రి ఒక్క అడుగు కదలకుండానే పొరుగు రాష్ట్రపు వలస కార్మికుడయ్యాడు. అటువంటివారి కోసం 1979లోనే ఒక చట్టం వచ్చింది. ఐదుగురు అంతర్రాష్ట్ర కార్మికులున్న పని స్థలానికి అది వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులు, కాంట్రాక్టరు ద్వారా కాక స్వయంగా వచ్చినవారిని కూడా వలస కార్మికులుగా గుర్తించాయి. ఇది మెచ్చదగిన మార్పే. అయితే ఐదుగురు అన్నచోట పదిమంది అన్నారు. గిద్దలూరు నుంచి బంధువులను, పొరుగువారిని ఆరేడుగురిని వెంటబెట్టుకొని వెళ్ళే చిన్న మేస్త్రి జట్టు ఈ లెక్కకు అందదు. ఒకచేత ఇచ్చి మరొకచేత తీసుకోవడమంటే ఇదే.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 నుంచి నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేసే ఏర్పాటు కూడా ఉన్నది. గోడ కట్టినవాని పేరు మీద డబ్బు జమ అవుతుంది. కాని సంక్షేమ మండలిలో సభ్యత్వానికి ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్లు రుజువు కావలసి వచ్చింది. నెలకొక చోటికి మారే అడ్డా కూలీకి ఆ కాగితం ఎవరు వ్రాసి ఇస్తారు?

ఇక్కడ రెండవ పక్షం వాదననూ గౌరవంతో వినాలి. నగరంలోని ఉద్యోగాలు, విద్యావకాశాలు స్థానికులకు దక్కాలన్న కోరిక స్వార్థం నుంచి పుట్టలేదు. 1952 నాటి ముల్కీ ఉద్యమం, 1969 నాటి తెలంగాణ ఉద్యమం తమ గడ్డపై తమకే చోటు లేకుండా పోతున్నదన్న ఆవేదన నుంచి వచ్చాయి. 1973 నాటి ఆరు సూత్రాల పథకం, 1974, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు ఆ ఆవేదనకు జవాబులు. ఆ రక్షణలను కాదనే హక్కు ఎవరికీ లేదు. అయితే కొలువుకు పెట్టే స్థానికత నియమాన్ని ఆకలికి, అనారోగ్యానికి, పిల్లల బడికి కూడా పెట్టడం న్యాయం కాదు. కొలువు ఒకరికి వస్తే మరొకరికి తప్పిపోతుంది. కూలీ బిడ్డను బడిలో చేర్చుకొంటే మరొక బిడ్డ బయటికి పోనవసరం లేదు.

కుల ధ్రువపత్రం సంగతి ఇంతకంటె చిక్కైనది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన ఒక బాలుడు తొమ్మిదవ ఏట తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరి, అక్కడే చదివి, వైద్యకళాశాలలో రిజర్వేషను సీటు కోరాడు. 1990లో సుప్రీంకోర్టు అందుకు అంగీకరించలేదు. వెనుకబాటు ప్రాంతాన్ని బట్టి మారుతుందనీ, ఒక రాష్ట్రంలోని గుర్తింపు మరొక రాష్ట్రానికి వెంట రాదనీ చెప్పింది. 2018లో రాజ్యాంగ ధర్మాసనమూ ఆ సూత్రాన్ని నిలబెట్టింది. తర్కానికి ఇది నిలుస్తుంది. కాని పూర్తికాని అపార్టుమెంటు నీడలో పెరుగుతున్న మార్కాపురం కూలీ బిడ్డ వెనుకబాటు కృష్ణానది దాటగానే తొలగిపోతుందా? ఒకే రాష్ట్రం రెండుగా చీలినపుడు ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. బీహారు, ఝార్ఖండుల విభజన నుంచి వచ్చిన ఒక కేసులో 2021లో సుప్రీంకోర్టు, రెండింటిలో ఏదో ఒక రాష్ట్రంలో రిజర్వేషను పొందవచ్చుననీ, ఏకకాలంలో రెండుచోట్ల పొందరాదనీ తీర్పు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాలు రెండూ కూర్చొని మాట్లాడుకోవడానికి ఇది మంచి ఆరంభం.

హక్కు మనిషి వెంట నడవడం అసాధ్యమేమీ కాదు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య రేషను కార్డు చెల్లుబాటు మొదలైంది. దేశంలో ఈ ఏర్పాటును మొదట చేపట్టిన జంటలలో ఇదొకటి. గిద్దలూరు కార్డుతో హైదరాబాదులో బియ్యం తీసుకొన్నంతమాత్రాన ఆ నగరవాసి కంచం ఖాళీ కాలేదు. బియ్యానికి సాధ్యమైనది ఆసుపత్రి చికిత్సకు, ప్రమాద పరిహారానికి, సంక్షేమ మండలి సభ్యత్వానికి ఎందుకు సాధ్యం కాకూడదు?

అయినా నగరంలో ఎంత న్యాయం చేసినా అది సగమే. ఊరు విడవవలసిన అగత్యం ఊరిలోనే పుట్టింది. పూల సుబ్బయ్య పేరు పెట్టుకొన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల ద్వారా తెచ్చి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలను తడపడం, లక్షలాది మందికి తాగునీరు ఇవ్వడం దీని లక్ష్యం. మొదటి సొరంగం 2021లో, రెండవది 2024లో పూర్తయ్యాయి. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ అప్పటికి ఇరవయ్యెనిమిదేళ్ళవాడై, బహుశా ఏ నగరంలోనో ఇటుకలు మోస్తూ ఉండి ఉంటాడు.

2025 చివర మార్కాపురం జిల్లా కేంద్రమైంది. జిల్లా కార్యాలయాల కోసం ఒంగోలు దాకా పోవలసిన బాధ తప్పింది. అయితే సుంకేశుల, గొట్టిపడియ, కలనూతల వంటి ముంపు గ్రామాలవారి మాట ఇంకా తేలవలసి ఉండగానే, 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఇతరుల పొలాలకు నీరు రావడం కోసం సొంత ఊరిని వదులుకొమ్మని వారిని అడిగారు. వారికి రావలసిన పరిహారం, ఇళ్ళు సకాలంలో అందకపోతే, దోర్నాల ఘాటు మీదుగా హైదరాబాదు వెళ్ళే బస్సులో కాలువ నీటికంటె ముందు వారే ప్రయాణమవుతారు. కొత్త జిల్లా యంత్రాంగం మొదట చూడవలసిన దస్త్రం అదే.