గుర్తుపట్టడమూ, గుర్తుంచుకోవడమూ

మా హాస్టల్లో ఒక విద్యార్థి గది గోడమీద ఒక పక్క భగత్ సింగ్ పటం, మరొక పక్క ఎర్రకోటు తొడిగి, ముఖానికి ముసుగు తగిలించుకున్న ఒక జపాను బొమ్మల వీరుడి పటం వున్నవి. రెండవ ఆయన ఎవరని అడిగాను. "షార్ అజ్నబుల్, సార్! ఎర్ర తోకచుక్క" అన్నాడు. ఎరుపు గనక మన పక్షమే అయివుంటాడని ఆ కుర్రవాడు అనుకున్నట్లున్నది. ఆ కోటు ఏ సైన్యానిదో అతనికి తెలుసు. ఆ సైన్యం ఏమి చేసిందో మాత్రం తట్టలేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ పటమే కారణం.

"గండాం" అనే జపాను బొమ్మల ధారావాహిక 1979లో మొదలయింది. ఇప్పటికి నలభై ఆరేళ్ళు దాటింది. మధ్యమధ్య ఆగినా మళ్ళీమళ్ళీ లేచి, కొత్త సీరియళ్ళుగా, సినిమాలుగా వస్తూనే వున్నది. దానిలో 2025లో వచ్చినది "జీక్వాక్స్". ఏప్రిల్ నుంచి జూన్ వరకూ పన్నెండు భాగాలుగా ప్రసారమయింది. మా పిల్లలు పదిమంది చేరి దాన్ని చూస్తుంటే నేనూ పోయి కూర్చున్నాను. మొదటి భాగంలో సైనిక పోలీసులు కాందిశీకుల వాడ మీద పడి, ఇళ్ళు కూలుస్తారు. అది చూసి ఒళ్ళు మండిన ఒక బడిపిల్ల యుద్ధయంత్రం ఎక్కుతుంది. గదిలో ఎవరూ చప్పుడు చేయలేదు. రెండవ భాగంలో ఎర్రకోటు షార్ తెల్లని పాత గండాం యంత్రంలోకి దూకాడు. 1979 నాటి గీతల తీరు, 1979 నాటి సంగీతం. గది దద్దరిల్లిపోయింది! ఈలలు, చప్పట్లు. ఆ గోలలో, ఇదివరకు ఏదీ చూడని ఒక అమ్మాయి మెల్లగా అడిగింది: "ఇంతకీ ఈ జియాన్ వాళ్ళు గెలిస్తే మనం సంతోషించాలా, బాధపడాలా?" ఆ యంత్రం నంబరు ఆర్‌ఎక్స్ 78 అని ఒకరు చెప్పారు. మొదటి సీరియల్‌లో అది ఎన్నో నిమిషంలో లేచి నిలబడిందో మరొకరు చెప్పారు. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పినవారు లేరు.

నేను చెప్పదలచినది ఇంతే. గుర్తుపట్టడం వేరు, గుర్తుంచుకోవడం వేరు. మొదటిది కంటి పని, రెండవది బుద్ధి చేసే పని. ఒక కళ తన గతాన్ని తలచుకునేటప్పుడు ఈ రెంటిలో దేన్ని మన చేత చేయిస్తున్నదన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

ఇది బొమ్మల వ్యాపారమనీ, సాహిత్య విమర్శకు తగదనీ అనే పెద్దలున్నారు. మా శాఖలో ఒకరు పేరు వినగానే "గండమా? గడిచిపోనివ్వండి" అని నవ్వారు. వ్యాపారమే, కాదన్నదెవరు? 1979 ఏప్రిల్ 7న నగోయా టెలివిజన్‌లో సన్‌రైజ్ సంస్థ దీన్ని ప్రసారం చేయించినప్పుడు ఖర్చు పెట్టుకున్నది ఆటబొమ్మల కంపెనీ. చూసేవారు చాలక, యాభై రెండు భాగాలు అనుకున్నది నలభై మూడుకు కుదించుకుపోయింది. 1980 జూలైలో బందాయ్ కంపెనీ విడిభాగాలు అతికించుకునే ప్లాస్టిక్ నమూనాలు అమ్మకానికి పెట్టిన తర్వాతనే, 1981-82లో మూడు సినిమాలుగా మళ్ళీ కూర్చిన తర్వాతనే, అది జపాను యువజనుల నోట నానింది. పుట్టిననాడు పవిత్రంగా వుండి తర్వాత అంగడికెక్కిందనే వాదం కూడా అందుచేత చెల్లదు. అంగట్లోనే పుట్టింది. అంగట్లో పుట్టి కూడా ఏమి చెప్పగలిగిందన్నదే చూడాలి.

అది చెప్పిన కథ చిన్నది కాదు. జనం ఎక్కువైపోయారని పాలకులు కోట్లమందిని అంతరిక్షంలోని వలస నగరాలకు తోలేశారు. అధికారం మాత్రం భూమిమీది సమాఖ్య చేతిలోనే వుంచుకున్నారు. ఆ వలసల కడుపుమంట న్యాయమైనది. ఐతే ఆ మంటను జియాన్ అనే రాజ్యంలో ఒక కుటుంబం కాజేసింది. స్వాతంత్య్రం పేరుతో ఆ కుటుంబం యుద్ధం ప్రారంభించిన నెల పైచిలుకులో ఇరుపక్షాలా కలిసి సగం మానవజాతి నశించింది. ఆ రాజ్యాన్ని నడిపే పెద్దకొడుకు గిరెన్‌ను సొంత తండ్రే హిట్లర్‌తో పోలుస్తాడు. దర్శకుడు యోషియుకి టోమినో 1941లో పుట్టినవాడు. న్యాయమైన ఆగ్రహాన్ని ఫాసిజం ఎట్లా మింగుతుందో ఆ తరానికి ఒకరు పాఠం చెప్పనక్కరలేదు. ఎదుటి సైన్యంలోనూ మనుషులున్నారని చూపిస్తూనే, ఆ సైన్యం దేనికోసం పోరాడుతున్నదో మరచిపోనివ్వకపోవడం ఆ మొదటి సీరియల్ ఘనత. మన ఎర్రకోటు షార్ ఆ సైన్యంలోని అధికారే. తన తండ్రిని చంపిన కుటుంబం మీద పగ తీర్చుకోవడానికి అదే కుటుంబపు యుద్ధం చేసినవాడు.

ఈ గతాన్ని తర్వాత వచ్చిన వాళ్ళు ఏం చేశారు?

1985లో టోమినోయే "జీటా గండాం" తీశాడు. కథలో ఎనిమిదేళ్ళు గడిచాయి. గెలిచిన సమాఖ్య "టైటన్లు" అనే ప్రత్యేక దళాన్ని పెంచి పోషించింది. నిరసన తెలుపుతున్న ఒక వలస నగరంలోకి విషవాయువు వదిలి ఆ దళం కోటీ యాభై లక్షల మందిని చంపింది. సమాఖ్యను గెలిపించిన వీరబాలుడు అమురో రే ఒక భవంతిలో, నౌకర్ల వేషంలోని గూఢచారుల నడుమ బందీగా బతుకుతున్నాడు. షార్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మరోపేరుతో తిరుగుతున్నాడు. పాత ముఖాలు కనబడిన ప్రతిచోటా ప్రేక్షకుడికి సంతోషానికి బదులు సిగ్గు వేస్తుంది: మనం చప్పట్లు కొట్టిన విజయం ఇందుకా పనికివచ్చింది! ఒక కృతి తన గతాన్ని ఇట్లా తలచుకుంటే దాన్ని ఆత్మవిమర్శ అంటారు. 1985 నాటి టోమినోకు పాత గండాం తీర్చవలసిన బాకీగా కనపడింది.

1991లో వేరే చేతులమీదుగా "0083" వచ్చింది. అది ఈ రెండు సీరియళ్ళ నడిమి కాలపు కథ. గీతల్లో, యంత్రాల చిత్రణలో అంత పనితనం అంతకుముందు తక్కువ. కాని కథ చూడండి. ఓడిన జియాన్ మూకలు ఒక వలస నగరాన్నే ఉత్తర అమెరికా ధాన్యపు భూముల మీద పడవేస్తాయి. అంటే కోట్లమంది తిండి మీద వేటు. ఆ పని చేసిన గాటో అనే సైనికుడికి మాత్రం ఆ కృతి మాట తప్పని యోధుడి గౌరవం, వీరమరణం ప్రసాదించింది. అంతకన్న పెద్ద తప్పు మరొకటున్నది. "జీటా"లో టైటన్లు విజేతల లోపలి కుళ్ళు నుంచి పుట్టారు. "0083" వచ్చి, ఆ తిరుగుబాటు దాడి జరిగింది గనకనే టైటన్లు పుట్టారని కారణం చెప్పింది. ప్రతి నిరంకుశ ప్రభుత్వమూ తన పోలీసు దళాల గురించి చెప్పుకునే కారణం అదే కదా! సమాఖ్య సేనానుల కుట్రను కూడా ఆ కథ చూపింది, ఒప్పుకుంటాను. ఐనా చూసినవాడి మనసులో మిగిలేది కుట్ర కాదు, గాటో. పాత యూనిఫారాలూ, పాత నినాదాలూ, పాత యంత్రాల గుండీలతో సహా దిగాయి. వాటి నేరం దిగలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్న తీరు ఇది. ఐతే ఇక్కడ తాతలు తాగింది నెయ్యి కాదు, నెత్తురు.

1994లో సన్‌రైజ్ సంస్థ బందాయ్ గుంపులో కలిసింది. బొమ్మ అమ్మేవాడూ కథ చెప్పేవాడూ ఒకే ఇంటివారయ్యారు. ఇక కథ చచ్చిపోవాలి, మన సూత్రాల ప్రకారం. చావలేదు. 1999లో టోమినో తీసిన "టర్న్ ఎ గండాం"లో ఒక పల్లెవాళ్ళు తరతరాలుగా పండుగ చేసుకునే రాతి విగ్రహం పగిలి, లోపలి నుంచి గండాం బయటపడుతుంది. దాన్ని నడిపే కుర్రవాడు అందులో ఆవును మోసుకుపోతాడు! అంతవరకూ వచ్చిన గండాం కథలన్నీ, ఒకదానితో ఒకటి పొంతనలేని లోకాలతో సహా, భూమిలో పాతిపెట్టిన "నల్ల చరిత్ర"గా ఆ కృతి ప్రకటించింది. జపాను భాషలో "కురో రెకిషి" అన్న ఆ మాట తర్వాత జనవ్యవహారంలోకి దిగి, మనిషి దాచుకోదలచిన సొంత గతానికి పేరయింది. తన వంశవృక్షాన్నంతా నల్ల చరిత్ర అనగలిగిన ధైర్యం ఎన్ని కావ్యాలకున్నది? దాచిన చరిత్రే తిరగబడుతుందనీ, తవ్వి చూసినవాడికే దాన్ని ఆవులు మోయడానికి వాడుకునే స్వేచ్ఛ వుంటుందనీ ఆ కథ సారాంశం.

2002 నాటి "సీడ్"నూ, దాని కొనసాగింపునూ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అదే దొంగతనం, అదే ముసుగు, అవే యంత్రాల పేర్లు, కొత్త రంగులు. 2010-14 నడుమ ఏడు భాగాలుగా వచ్చిన "యూనికార్న్" మాత్రం గట్టిది. అందులో అందరూ వెతికే పెట్టెలో వున్నది ఆయుధం కాదు, ఒక రాజ్యాంగ పత్రం. అంతరిక్షవాసులకు పాలనలో పాలు ఇస్తామని మొదట రాసి, పాలకులు దాచివేసిన వాక్యం వున్న అసలు ప్రతి. దాచిన ఒక్క వాక్యం నూరేళ్ళ నెత్తుటికి ఎట్లా కారణమయిందో చూపడం నిజమైన జ్ఞాపకం. అందులోనే షార్‌ను పోలిన ఒక ముసుగు మనిషి వచ్చి, తాను జనం కోరికలు పోసుకునే ఖాళీ పాత్రనని చెప్పుకుంటాడు. ముసుగు కోసం ఎగబడే మనకు ఇంతకన్న సూటిగా ఎవరు చెబుతారు? కాని 2017లో టోక్యోలోని ఒదాయిబాలో నిలువెత్తు విగ్రహం లేచింది ఆ కథలోని యంత్రానికే. ఆ వాక్యానికి కాదు.

2022లో యోషికాజు యసుహికో మరొక పని చేశాడు. మొదటి సీరియల్‌కు పాత్రల రూపాలు గీసినవాడీయన. హిరోసాకి విశ్వవిద్యాలయంలో విద్యార్థి ఉద్యమంలో వుండి బహిష్కృతుడయినవాడు. 1979 నాటి నలభై మూడు భాగాలలో ఆయన ఎన్నుకున్నది వీరుడి కథ కాదు. సైన్యం వదిలి పారిపోయి, ఒక దీవిలో అనాథ పిల్లలను సాకే కుకురుజ్ దోన్ అనే జియాన్ సైనికుడి కథ. ఆ ఒక్క భాగాన్ని పూర్తి సినిమాగా తీశాడు. గతంలో దేన్ని ఎత్తి పట్టుకోవాలన్నది కూడా ఒక పక్షం తీసుకోవడమే.

ఇప్పుడు మళ్ళీ "జీక్వాక్స్"కు వస్తాను. షార్ గండాంను ముందే దొంగిలించి, జియాన్ యుద్ధం గెలిచిన లోకం అది. ఊహ బలమైనదే. ఫాసిజం గెలిచిన లోకంలో రోజులు ఎట్లా గడుస్తాయన్నది అడగదగ్గ ప్రశ్న. కాని ఆ ప్రశ్న ముందుకు పోయినకొద్దీ పాత ముఖాల ఊరేగింపులో నలిగిపోయింది. అందరికంటే అన్యాయం జరిగింది లాలా సూన్‌కు. 1979లో ఆమె నుదుట బొట్టూ, నల్లని చాయా పెట్టి గీశారు. మన దేశపు పిల్లను తలపుకు తెచ్చే రూపం. షార్ ఆమెను చేరదీసి, ఆమె శక్తిని ఆయుధంగా మలచి యుద్ధానికి తీసుకుపోయాడు. అతనికి అడ్డుపడి, అమురో చేతిలో ఆమె చనిపోయింది. 1988 నాటి సినిమాలో ఇద్దరు మగవాళ్ళు ఆమె పేరు చెప్పుకుని కొట్టుకున్నారు. 2025లో లోకాలనే సృష్టించగల శక్తి ఆమెకిచ్చారు. సంతోషించబోయాను. ఆ శక్తితో ఆమె చేసేదేమిటి? షార్ బతికే లోకం కోసం మళ్ళీమళ్ళీ కలలు కనడం! నలభై ఆరేళ్ళ తర్వాత కూడా దేవత పదవి ఇచ్చి పాత చాకిరీయే చేయించారు.

ఐనా ఆ సీరియల్‌ను కొట్టిపారేయను. అందులో న్యాన్ అనే పిల్ల వున్నది. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, పరాయి నగరంలో దొంగసరుకులు చేరవేస్తూ, పోలీసు కనబడితే ఒదిగి నడిచే కాందిశీకురాలు. 1979 నాటి కథలో తెల్లని ఓడ ఎక్కినది యోధులు మాత్రమే కాదు. ఇళ్ళు కాలిన ముసలివాళ్ళు, తల్లులు, పిల్లలు ఎక్కారు. వాళ్ళ వారసురాలు న్యాన్. పాత సంగీతం లేదు, పాత యూనిఫారం లేదు, ఛాతీమీద ఏ నంబరూ లేదు. అందుకే మా గదిలో ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ మొదటి భాగంలో కూలిన ఇళ్ళే అసలైన గండాం జ్ఞాపకం. అది కళ్ళముందుకు వచ్చినప్పుడు మేము నిశ్శబ్దంగా వున్నాము. దాని పెంకు వచ్చినప్పుడు ఈలలు వేశాము.

తప్పు ఆ పిల్లలదే అనను. వాళ్ళకు ఈ విద్య నేర్పినవాళ్ళలో నేనొకణ్ణి. ఈ పద్యం ఏ ప్రబంధంలోది, ఎన్నో ఆశ్వాసం, కవి ఎవరు అని పరీక్షలో అడుగుతాము. గుర్తుపట్టినవాడికి మార్కులు వేస్తాము. ఆ పద్యంలో ఎవరి నోరు మూతపడిందో అడగము. అంగడివాడు చేసేది కూడా ఇదే. అతడు గుర్తుపట్టినవాడికి బొమ్మ ఇస్తాడు, మేము డిగ్రీ ఇస్తాము.

ఆ అమ్మాయికి ఆ రాత్రి జవాబు చెప్పకుండా లేచి వచ్చాను. మరునాడు తరగతిలో చెప్పాను: జియాన్ గెలిస్తే బాధపడాలి, సమాఖ్య గెలిచినా సంతోషించడానికి లేదు, ఇళ్ళు కూలినవాళ్ళు ఎక్కడున్నారో చూసి, అక్కడి నుంచి కథను మళ్ళీ మొదలుపెట్టాలి. హాస్టలు గోడమీద షార్ పటం ఇంకా వున్నది. తీయమని నేను అనలేదు. దాని కింద ఆ కుర్రవాడే కాగితం ముక్క మీద ఏదో రాసి అంటించాడు. దగ్గరికి పోయి చూస్తే, "ఈ కోటు ఎవరిది?" అని వున్నది.