మా ముత్తాత ఏ అరుగు మీద ఉన్నాడు?

రాజమండ్రి పాత ఊళ్లో ఎవరిని కదిపినా వాళ్ల తాతో ముత్తాతో వీరేశలింగం పంతులుగారి పక్షమే. ఒకరి ముత్తాత ఆయన దగ్గర చదువుకున్నాడు, ఇంకొకరి ముత్తాత ఆయన చేయించిన వితంతు వివాహానికి వెళ్లి భోంచేసి వచ్చాడు. ఆయన్ని వెలేసినవాడి మునిమనవడు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు.

మరి 1881 డిసెంబరు 11న పంతులుగారి ఇంట్లో గోగులపాటి శ్రీరాములుకీ బాలవితంతువు గౌరమ్మకీ పెళ్లి జరుగుతుంటే పోలీసు బందోబస్తు ఎందుకు పెట్టాల్సొచ్చింది? కొవ్వూరు నుంచి పడవలెక్కి ఎవరైనా గొడవకి వచ్చారా? పోలీసులు కాపలా కాసింది మా నుంచి. మా వీధుల వాళ్ల నుంచి. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. పాతికేళ్లు గడిచినా అది మా ఊరి గడప దాటలేదు. దాటించినాయన ఓ బడిపంతులు. నాలుగేళ్లకే తండ్రిని పోగొట్టుకుని, పెదనాన్నగారి పెంపకంలో ఆ ఇంట్లోనే పెరిగి, కోరంగిలోనూ ధవళేశ్వరంలోనూ పాఠాలు చెప్పి, ఇక్కడి ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితుడైన మనిషి. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టినాయనకి ఊరి సంగతి ముందే తెలిసే ఉంటుంది.

పెళ్లి తర్వాత సంగతులు మేం సభల్లో గబగబా దాటేస్తాం. వెలి భయానికి వెంట ఉన్నవాళ్లలో కొందరు ప్రాయశ్చిత్తాలు చేసుకుని జారుకున్నారు. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చుకుని, ఇంట్లో ఉన్నవాళ్లందరికీ తానే వండి పెట్టారు.

ఓసారి రేవు నుంచి ఆ ఇంటిదాకా నడిచి చూశాను. ఉత్త చేతులతో, ఎండ తగ్గాక. బిందె చంకనెత్తుకున్న మనిషి గబగబా పోలేదు, నీళ్లు తొణుకుతాయి. మొహం తిప్పుకుని పక్కకి ఒదగలేదు, బరువు ఒరుగుతుంది. అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఏమన్నా, అన్నీ విని నడవాల్సిందే. నేను నడిచిన దారిలో ఒక్క అరుగూ కనిపించలేదు. పంతులుగారి ఇంటిని పురావస్తు శాఖ చూసుకుంటోంది. అరుగులున్న ఇళ్లు మావి, మేమే కొట్టించేసుకున్నాం. చూడ్డానికి వచ్చినవాళ్లకి ఆ ఇల్లు ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని చుట్టుముట్టిన ఊరు కనిపించదు. సాక్ష్యాన్ని ఇంత శుభ్రంగా ఎవరు చెరపగలరు?

మా ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల ఉండేది. దాన్ని బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చాం. అన్నదమ్ములకి తలో ఫ్లాటు వచ్చింది, అరుగు ఉన్నచోటికి కారు పార్కింగు వచ్చింది. మా ముత్తాత కూడా పంతులుగారి పక్షమేనని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఓ ఏడాది ఏప్రిల్ 16న, పంతులుగారి జయంతి సభలో, నేనూ ఆ మాట మైకులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. కూర్చున్నాక గుర్తొచ్చింది పెరటి మామ్మ.

ఆవిడ మా నాన్నగారికి మేనత్త. పెరట్లో నూతి పక్క గదిలో ఉండేది కాబట్టి పిల్లలందరికీ పెరటి మామ్మే. గుండు, మీద ముతక పంచె. మంగలి నెలకోసారి పెరటి తలుపునే వచ్చిపోయేవాడు. పెళ్లిచూపుల రోజున ఆవిడ గది తలుపు బయట గొళ్లెం పెట్టడం నా పని. ఏడెనిమిదేళ్ల వాణ్ణి, పెద్ద బాధ్యత అప్పగించారని పొంగిపోయేవాణ్ణి. పోయేనాటికి ఆవిడకి ఎనభై. మొగుడు పోయేనాటికి పదకొండు. లెక్క వేస్తే అది 1916. పంతులుగారు ఆ తర్వాత ఇంకో మూడేళ్లు బతికున్నారు. అప్పటికే హితకారిణీ సమాజం పెట్టి, ఆస్తంతా దానికి రాసిచ్చేశారు. రెండు వీధులు దాటితే ఆ ఇల్లు. మా ముత్తాత ఆయన పక్షమే అయితే, ఆ రెండు వీధులూ కూతురి చెయ్యి పట్టుకుని ఎందుకు నడవలేదు?

ఆవిడ ఎప్పుడూ ఏమీ అడగలేదని మావాళ్లు గొప్పగా చెప్పేవాళ్లు. అడిగినా వినే చెవి ఆ ఇంట్లో ఎవరికుంది? నాకూ లేదు. ఆవిడ పేరేమిటో కూడా మరణ ధ్రువపత్రం చూశాకే తెలిసింది.

ఇవన్నీ పాత రోజులు, అప్పటివాళ్లకి తెలియదులే అని సరిపెట్టుకోవచ్చు. ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరం అయింది, అపార్టుమెంట్లు లేచాయి. మా పిల్లలు సగంమంది అమెరికాలో ఉన్నారు. మరి 2021లో కరోనా రెండో అలలో మా పినతండ్రి కొడుకు కూతురికి భర్త పోయినప్పుడు ఏం చేశాం? అమ్మాయికి ఇరవై తొమ్మిది, చంకలో మూడేళ్ల పిల్లాడు. ఏడాది తిరిగాక ఆ అమ్మాయి తల్లి ఓ పేరంటంలో మెల్లగా కదిపింది, ఎక్కడైనా మంచి సంబంధం ఉంటే చెప్పమని. గదిలో పదిమందిమి ఉన్నాం. ఒకళ్లు పిల్లాడు కాస్త పెద్దవాడు కానిమ్మన్నారు. ఇంకొకళ్లు ఉద్యోగం ఉందిగా, దానికేం లోటన్నారు. ఎవరూ గట్టిగా వద్దనలేదు. వద్దనాల్సిన అవసరం కూడా రాలేదు, మా మొహాలు చూసి ఆవిడే ఊరుకుంది.

పదిమందిలో జయంతి సభలో మైకు పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ అమ్మాయికి ఇప్పుడు ముప్పై దాటాయి. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.